తల్లి బరువు, బిడ్డ బరువు: మూలం ఒకే ఇంట్లో



మన బస్తీల ఆరోగ్యం అనగానే రక్తహీనత, పోషకాహార లోపం గుర్తుకు వస్తాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కనే అధిక బరువు కూడా వచ్చి చేరింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం స్త్రీలు అధిక బరువుతోనో, స్థూలకాయంతోనో ఉన్నారు. అంతకుముందు సర్వేలో వీరు 20.6 శాతం. అయిదేళ్ళలోపు పిల్లలలో అధిక బరువు 2.1 నుండి 3.4 శాతానికి పెరిగింది.

ఈ రెండింటినీ వేర్వేరుగా చూడరాదు. గర్భం దాల్చేనాటికే బరువు ఎక్కువగా ఉన్న స్త్రీకి గర్భకాల మధుమేహం వచ్చే అవకాశం అధికం. ఆమె రక్తంలోని అదనపు చక్కెర మాయ ద్వారా శిశువును చేరుతుంది. శిశుదేహం దానిని కొవ్వుగా దాచుకుంటుంది. బిడ్డ బొద్దుగా పుట్టాడని మనం మిఠాయిలు పంచుతాము!

పుట్టిన తరువాత ఇద్దరిదీ ఒకే వంటగది. తల్లి చాయ్‌లో ముంచుకునే బిస్కెట్టే బిడ్డ చేతిలోనూ ఉంటుంది. కూలికి వెళ్ళే తల్లికి అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ ఏడుపు మాన్పే సాధనం. ఆ అయిదు రూపాయలకు ఏ పండు వస్తుందో చెప్పండి. కనుక దయచేసి తల్లిని నిందించకండి. ఆమె చేతికందినది చవక తిండి మాత్రమే.

ఇక చోటు సంగతి. ఒకటి నుండి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఆటపాటలతో కదలాలని, రెండేళ్ళు నిండనివారికి టీవీ, ఫోను చూపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఒంటిగది ఇంట్లో, బండ్లు నిండిన గల్లీలో మూడు గంటలు ఎక్కడ కదలాలి? చివరకు ఫోనే మైదానమవుతున్నది. తల్లి పరిస్థితీ అంతే. చీకటి పడితే ఆమె నిర్భయంగా నడిచే దారి లేదు. దీనిని నేను వైద్య సమస్యగా కంటె హక్కుల సమస్యగానే చూస్తాను.

2013 నాటి ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీ పోషకాహారాన్ని హక్కుగా ఇచ్చింది. దానిని వదులుకోకండి. బిడ్డ బరువుతోపాటు ఎత్తును కూడా కొలిచి, ఎత్తుకు మించిన బరువు ఉన్నదేమో చెప్పమని టీచరును అడగండి.

స్త్రీలకు, పిల్లలకు దీపాలున్న పార్కు కావాలని పురపాలక కార్యాలయానికి అర్జీ సిద్ధం చేశాము. గుమాస్తాగా పనిచేసినవాడిని కనుక ఒక మాట: రసీదు తీసుకోని అర్జీకి దిక్కుండదు. బల్ల మీద కాగితాలున్నవి. తల్లులు ముందుగా వచ్చి సంతకాలు చేయవలసిందిగా కోరుతున్నాను.