అభిరుచి గలవారిని కలిపే చిన్న బాట్
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ప్రతి ఏడూ చదువుల గురించి, వైద్య సహాయం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి అభిరుచుల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాం. అభిరుచి అంటే కాలక్షేపమే గదా, దానికి సంఘం ఎందుకు అని కొందరు అనుకోవచ్చు. కాని చూడండి. పొదిలిలో పాత నాణేలు దాచుకున్న తాతగారు ఒకరున్నారనుకోండి. ఆయన పోయాక ఆ డబ్బా పాత సామాన్ల బండికి పోతుంది. రెండు వీధుల అవతల అవే నాణేల కోసం వెతికే కుర్రవాడుంటాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. జరీ పని వచ్చిన ఖాలా ఒకచోట, నేర్చుకోవాలని తపించే ఆడపిల్లలు మరొకచోట. పనితనం మనిషితోనే పోతున్నది. నష్టం ఇదే.

పూర్వం దీనికి కొన్ని మార్గాలుండేవి. పత్రికల్లో కలం స్నేహం శీర్షికలు వచ్చేవి. 1952లో రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలయ్యాక ఎన్నో ఊళ్ళలో శ్రోతల సంఘాలు వెలిశాయి. హామ్ రేడియో వారు సరదాకే కలుసుకునేవారు. 2001లో భుజ్ భూకంపంలో టెలిఫోన్లు మూగపోయినప్పుడు వార్తలు చేరవేసింది అటువంటి వారే. ముందే కలిసి ఉన్నారు కనుకనే అవసరానికి పనికివచ్చారు.

ఇప్పుడు అందరి చేతా ఫోనుంది, ఒక వాట్సాప్ గ్రూపు పెడితే చాలదా అంటారు. గ్రూపులో చేరితే మామూలుగా మన నంబరు మిగతా సభ్యులందరికీ కనబడుతుంది. ఆడవాళ్ళు వెనుకాడేది అక్కడే. అందుకని మేము ప్రతిపాదించేది ఒక చిన్న బాట్.

బాట్ అంటే మనం సందేశం పంపితే దానంతట అదే జవాబిచ్చే ప్రోగ్రాం. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో 161 సేవలతో ప్రారంభించిన ‘మన మిత్ర’ అటువంటిదే. మనది దానిముందు చీమంత. దీనికి టెలిగ్రామ్ అనుకూలం. 2015 నుంచి అందులో ఎవరైనా ఉచితంగా బాట్ పెట్టుకోవచ్చు. మనం ఇస్తే తప్ప బాట్‌కు మన ఫోన్ నంబరు తెలియదు. మనం మొదట పలకరిస్తే తప్ప అది మనల్ని పలకరించలేదు.

తయారీ పెద్ద కష్టమేమీ కాదు. టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అనే ఖాతాలో పేరు నమోదు చేస్తే ఒక టోకెన్ ఇస్తుంది. అది ఇంటి తాళంచెవి వంటిది, బయట పెట్టరాదు. తక్కిన ప్రోగ్రామును కంప్యూటర్లు చదివే మన పిల్లలు పైథాన్ భాషలో సెలవుల్లో రాయగలరు. ఆఫీసులో ఒక పాత కంప్యూటరు, నెట్ ఉంటే చాలు. కరెంటు పోయినా భయం లేదు. అందని సందేశాలను టెలిగ్రామ్ 24 గంటల దాకా అట్టిపెడుతుంది.

బాట్ మూడే ప్రశ్నలు అడుగుతుంది. మీ అభిరుచి ఏమిటి? నేర్పుతారా, నేర్చుకుంటారా? ఆడవారితోనా, మగవారితోనా పరిచయం కావాలి? జవాబులు బటన్లు నొక్కి చెప్పాలి. ఎందుకంటే ఒకరు క్యారమ్ అని, ఇంకొకరు కారమ్స్ అని రాస్తే యంత్రానికి అవి రెండు ఆటలు. ఇద్దరికి జత కుదిరితే, “ఊళ్ళో ఇదే ఇష్టం ఉన్నవారు ఒకరున్నారు, కలుస్తారా?” అని పేరు చెప్పకుండా ఇద్దరినీ అడుగుతుంది. ఇద్దరూ సరేనంటేనే పేర్లు తెలుపుతుంది. ఒకరు వద్దన్నా, పలకకపోయినా, ఆ సంగతి రెండోవారికి చేరదు. మొదటి కలయిక సంఘం హాలులోనే జరగాలి.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. బాట్‌కు రాసినది దాన్ని నడిపేవారు చదవగలరు, కాబట్టి అభిరుచి తప్ప ఇంటి విషయాలు రాయరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్ళు నిండనివారు పిల్లలే. తల్లిదండ్రుల అనుమతి లేనిదే వారిని చేర్చకూడదు. ఎవరైనా మానుకుంటామంటే ఒక్క బటన్‌తో వారి వివరాలన్నీ మార్కాపురం పలక మీద రాత తుడిచినట్లు పోవాలి.

యంత్రం చేసేది పరిచయం వరకే. ఆ ఖాలా ఇంటికి దారం, సూది పట్టుకుని వెళ్ళవలసింది మన పిల్లలే. కాబట్టి సభవారికి మా మనవి: ప్రోగ్రాం రాయడానికి ఇద్దరు విద్యార్థులు, ఆడవారి పరిచయాలు చూసుకోవడానికి ఇద్దరు పెద్ద తల్లులు ఈ రోజే ముందుకు రావాలి. ప్రతి ఇంటి నుంచి ఒక అభిరుచి పేరు రాసి కార్యదర్శిగారికి ఇచ్చి వెళ్ళండి. బటన్ల మీద ఆ పేర్లే ఉంటాయి.