కళ్ళకు కట్టే కర్మాగారం

ఒడ్డున కూర్చుండి ఈత నేర్వలేమని పెద్దలు అంటారు. మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు వారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఈత విషయంలో అది నిజమే. నీళ్ళలో పొరపాటు చేసిన పిల్లవానిని పక్కనున్నవాడు జుట్టు పట్టుకొని పైకి లాగవచ్చు. సున్నపురాతి గనిలోనో, సిమెంటు కర్మాగారంలోనో పొరపాటు చేసినవానిని లాగటానికి పక్కవానికి అంత వ్యవధి చిక్కదు.

పెనుగంచిప్రోలుకు దాపుననే ఉన్న జగ్గయ్యపేట ప్రాంతంలో సున్నపురాయి విస్తారంగా ఉన్నది. దానిని ఆశ్రయించి సిమెంటు పరిశ్రమ పెరిగింది. రాయిని పేల్చటం, డంపర్లకు ఎత్తటం, మరలో నలగగొట్టటం, బెల్టుల మీద పంపటం, పిమ్మట సుమారు 1,450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చటం, ఇదీ అక్కడి పని. 2024 జూలైలో బూదవాడ సిమెంటు కర్మాగారంలో జరిగిన పేలుడులో పలువురు కార్మికులు గాయపడ్డారు. ఇటువంటి చోట అనుభవమే గురువు అని ఊరుకోరాదు. ఆ గురువు అడిగే దక్షిణ మరీ ఎక్కువ.

ఆ దక్షిణ చెల్లించకుండా అనుభవం సంపాదించటానికి ఒక సాధనం వచ్చింది. దానిని వర్చువల్ రియాలిటీ అంటున్నారు. మనం మిథ్యావాస్తవం అనుకొందాం. కళ్ళను పూర్తిగా కప్పివేసే పరికరాన్ని తలకు తగిలించుకొంటారు. ఒక్కొక్క కంటికి రవంత తేడాతో ఒక్కొక్క చిత్రం కనిపిస్తుంది. ఆ తేడా వలన లోతు తెలుస్తుంది. తల ఎటు తిప్పితే అటు దృశ్యం వస్తుంది. చేత పట్టుకొన్న మీటలు చేతి కదలికలను చిత్రంలోనికి చేరవేస్తాయి.

ఆలోచన కొత్తది కాదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన నేల విడువని శిక్షణ విమానాన్ని నిర్మించాడు. వారిది ఆర్గాన్ వాద్యాలు తయారుచేసే ఇల్లు. ఆ వాద్యపు గాలితిత్తులే ఈ విమానాన్ని ఊపేవి. 1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించే యంత్రాన్ని చేసినప్పుడు, దాని బరువు మోయలేక ఇంటికప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది.

ఇక పని నేర్పటం ఎట్లాగో చూడండి. కదిలే బెల్టులో రాయి ఇరుక్కొన్నదనుకొందాం. కొత్తవాడు చేయి పెట్టి లాగబోతాడు. అది మనిషి స్వభావం. మిథ్యావాస్తవంలోనూ అట్లాగే చేయి పెడతాడు. బెల్టు కదులుతుంది. గుండె ఝల్లుమంటుంది, చేయి మాత్రం క్షేమంగా ఉంటుంది. మళ్ళీ మొదటినుంచి చేయిస్తారు. ముందు విద్యుత్తు ఆపాలి. స్విచ్చికి తాళం వేయాలి. తాళంచెవి తన జేబులో ఉంచుకోవాలి. మీట నొక్కి, యంత్రం కదలదని రూఢి చేసుకోవాలి. ఆ తరువాతనే చేయి. పుస్తకంలో ఈ వరుస నాలుగు పంక్తులు. పదిసార్లు చేసినవానికి అది ఒంటికి పట్టిన అలవాటు. అట్లాగే డంపరు చోదకుని ఆసనంలో కూర్చుండబెట్టి, చక్రం పక్కన నిలిచిన మనిషి ఏ విధంగా కంటికి కనపడకుండా పోతాడో చూపవచ్చు. కింద పనిచేయబోయేవాడు ఈ దృశ్యాన్ని ఒక్కసారి చూసినా చాలు, బండి పక్కన నిలబడటానికి జంకుతాడు.

ఫలితం ఉన్నదా? 2002లో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయం వారి పరిశీలనలో 16 మంది యువ శస్త్రవైద్యులు పాల్గొన్నారు. యంత్రం మీద అభ్యసించినవారు పిత్తాశయాన్ని వేరుచేసే పని ఇతరులకంటె 29 శాతం త్వరగా ముగించారు; తప్పులూ చాలా తక్కువ. అయితే ఆ యంత్రం బల్లమీది తెర, తలకు తగిలించేది కాదు. 2019లో ప్రచురితమైన మరొక పరిశీలనలో, విద్యార్థులకు తలకు తగిలించి ప్రయోగశాల పాఠం చెబితే, అక్కడే ఉన్నామన్న అనుభూతి హెచ్చింది, నేర్చుకొన్నది తగ్గింది. ఈ రెండవ మాటను పరికరాలు అమ్మవచ్చేవారు సాధారణంగా ఎత్తరు!

అందుచేత నా అభిప్రాయం ఇది. పాఠాలన్నిటికీ దీనిని వాడటం దండగ. తప్పు చేస్తే ప్రాణం పోయే పనికి వాడాలి. అది కూడా పాఠానికీ కార్ఖానాకూ నడుమ మెట్టుగా ఉండాలి గాని, కార్ఖానాకు బదులుగా కాదు. పానా బరువు, ఇనుము వేడి, దుమ్ములో ఊపిరి ఆడకపోవటం ఈ పరికరం చెప్పలేదు. కొందరికి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, వారిని బలవంతపెట్టరాదు. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నిబంధనలు కొత్తవానికి శిక్షణ తప్పనిసరి చేశాయి. కళ్ళజోడు తగిలించి, సంతకం పెట్టించుకొని, శిక్షణ అయిపోయిందనిపించే యాజమాన్యాలు రాకపోవు.

ఐ.టి.ఐ. ముగించి పనిలో చేరబోయే కుర్రవాడు మీ ఇంట ఉంటే, శిక్షణలో ఏమేమి చూపించారని అడగటంతో ఆగకండి. బెల్టు ఆపి లోపలికి వంగినప్పుడు తాళంచెవి ఎవరి జేబులో ఉన్నదో అడగండి.