పాట వాయులీనమెక్కిన వైనము



గాత్రం కోసమో, మరొక వాద్యం కోసమో పుట్టిన రచనను వాయులీనానికి అనువుగా మలచడాన్ని పాశ్చాత్యులు ఒక విద్యగా పెంపొందించుకున్నారు. 1875లో వియన్నాలో జన్మించిన ఫ్రిట్జ్ క్రైస్లర్ ఇందులో అగ్రగణ్యుడు. పూర్వుల రచనలను ఏరి, వాయులీనం పాడేటట్లు, పియానో దానికి తోడు నడిచేటట్లు ఆయన తిరిగి వ్రాశాడు. ప్రాచీనుల పేరిట ప్రకటించిన వాటిలో కొన్ని తన సొంత రచనలేనని 1935లో ఒప్పుకున్నప్పుడు విమర్శకులు మండిపడ్డారు. శ్రోతలు మాత్రం వినడం మానలేదు. శ్రోతలదే సరియైన తీర్పనిపిస్తుంది.

అదే వాయులీనం దక్షిణ దేశానికి వచ్చినప్పుడు దాని జీవితమే మారిపోయింది. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతానికి అలవరచిన ఆద్యులలో ఒకరు. మనవారు నేలపై కూర్చుండి, వాద్యం కొనను కుడిపాదంపై ఆనించి, ఎడమచేతికి గమకం పలికే స్వేచ్ఛ కల్పించారు. పియానోలో ప్రతి మెట్టుకూ స్వరం స్థిరం, గమకం దానికి అందదు. అందుచేత ఇచ్చట ఆ స్థానంలో తంబుర, మృదంగం నిలిచాయి. అయినా వాయులీనం చిరకాలం గాయకుని నీడగానే ఉండిపోయింది.

ఆ నీడను వెలుగులోనికి తెచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. జననం 1893లో, మనకు చేరువనే ఉన్న బెంగుళూరులో, పెరిగింది విశాఖపట్నంలో. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరబోయిన నాయుడుగారిని ఆచార్యునిగానే నియమించారని ప్రసిద్ధి. 1936లో ఆయనే అధ్యక్షులైనారు. 1938లో వెల్లూరులో గాత్రం తోడు లేకుండా వాయులీన కచేరీ చేశారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వరించాయి. చూపు మందగించినా కమాను తడబడలేదు.

క్రైస్లర్‌కు లేని చిక్కొకటి ఇచ్చట ఉన్నది. త్యాగరాజ కృతికి ప్రాణం దాని తెలుగు మాట. గాయకుడు లేనప్పుడు ఆ మాటను ఎవరు పలకాలి? కమానే పలకాలి. "మనసా" అన్న మూడక్షరాల పిలుపును తీసుకొనండి. కమాను రెండవ అక్షరం వద్ద విరిగితే చెవికి "మన" అన్న వేరొక మాట వినబడుతుంది. స్వరలిపి రాగమును, తాళమును చెప్పును గాని ఈ సంగతి చెప్పదు. మాట ఎరిగిన చేయి మాత్రమే చెప్పును. 1952లో భారతదేశానికి వచ్చిన యెహూదీ మెనూహిన్ మద్రాసులో నాయుడుగారి వాద్యం విని మెచ్చుకున్నాడు. ఆయనకు తెలుగు రాదు. వినేవారికి రాకున్నా ఫరవాలేదు, వాయించేవారికి మాత్రం రావలసిందే.

నేడు పట్టణాలలో ఎందరో పిల్లలు కృతుల సాహిత్యాన్ని ఆంగ్లాక్షరాలలో వ్రాసుకొని, అర్థం తెలియకనే వాయిస్తున్నారు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పిల్లల సంగతి వేరు. బడిలోనూ కచేరీలోనూ కన్నడం వినిపించినా ఎన్నో ఇళ్ళలో పలుకుబడి తెలుగే. చింతామణి తాలూకా కైవారంలో తాతయ్యగారి తెలుగు తత్వాలు భజనలలో మ్రోగుతూనే ఉన్నాయి. వాయులీనం నేర్పే గురువులు వెతుక్కునే మాట, ఆ పిల్లల చెవిలో ముందుగానే ఉన్నది. ఇంట తెలుగు పలికి, బడిలో తెలుగు వ్రాయడం మానిన తరం వచ్చిందా, ఆ చెవి మూసుకుపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. "తెలుగు చదివితే ఏమొస్తుంది?" అని అడిగే తండ్రులు ఈ మూడు ఊళ్ళలోనూ ఉన్నారు.

కనుక పిల్లలను వాయులీనానికి పంపే తల్లిదండ్రులకు ఒక మనవి. కృతిని ముందు తెలుగులో చదివించండి, పిమ్మట పాడించండి, ఆ తరువాతనే కమాను పట్టించండి. తొలి పాఠానికి కైవార తత్వమొకటి చాలును. దానికి పియానో అక్కరలేదు. తంబుర శ్రుతి, ఒక జత తాళాలు ఉంటే సరి.