మార్కుల పట్టీయే మార్గమా?



"ఏం చదువుతున్నావు?" అంటే మీరు వెంటనే చెబుతారు. "ఎందుకు?" అంటే తల వంచుకుంటారు. ఆ తప్పు మీది కాదు, మాది. మా పెద్దవాణ్ణి డాక్టరు చేయాలని నేను పట్టుబట్టాను. రెండేళ్లు ఎంట్రన్సులు రాసి, చివరికి వాడు నాతో మాట్లాడటమే మానేశాడు. వాడి మనసు లెక్కల మీద ఉందని అప్పుడు గాని నాకు తెలియలేదు. నేడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో మళ్లీ నవ్వు వినిపిస్తోంది.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. ప్రభుత్వ కొలువు రాలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తుండగా ఔషధ పరిశోధనపై మనసు నిలిచింది. తర్వాత అమెరికా వెళ్లి, 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. పట్టా చిన్నదైనా, తన పని ఏదో ఆయన తెలుసుకున్నారు.

మీరూ ఈ సెలవుల్లో మీకు నచ్చిన వృత్తిలో ఉన్న సంఘస్థుల వద్ద పదిహేను రోజులు గడపండి. నర్సు కావచ్చు, సర్వేయరు కావచ్చు, మోటారు మెకానిక్కు కావచ్చు. ఆ పనిలో విసుగు పుట్టించేది ఏదో అడగండి. దాన్ని కూడా ఓర్చుకోగలననిపిస్తే అది మీకు తగిన పనే. చూసింది రోజూ నోటుబుక్కులో రాసుకోండి.

తల్లిదండ్రులారా, ఆ నోటుబుక్కు ముందు చదవండి. తీర్పు తర్వాత చెప్పండి.