కందెనలో నల్లపొడి



ఈ మధ్య వరికోతల రోజుల్లో ఒక పెద్దాయన నన్నాపి, "ఆఫీసరుగారూ, ఈ నల్లమందు ట్రాక్టరు నూనెలో పోస్తే అరుగుదల ఉండదంటున్నారు, పొయ్యమంటారా?" అని సీసా చూపించాడు. దానిమీద 'నానో' అని ఉంది. నేను తొందరలో ఉండి, "పోస్తే నష్టమేముందిలెండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

నూనెలో నలుపు కలపడం మనకు కొత్త కాదు. మన తాతలు గడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరి, వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడగట్టేవారు. అదే కందెన. మసివల్ల ఆముదం చిక్కబడి ఇరుసు మీద నిలిచేది. అయితే వరిగడ్డి బూడిదలో సిలికా, అనగా ఇసుకలోని పదార్థం, ఎక్కువ. మెత్తగా నూరకపోతే అదే ఇరుసును తినేస్తుంది.

గ్రాఫైటు సంగతి వేరు. పెన్సిలు ములుకులో ఉండేదిదే. ఇందులో కర్బన పరమాణువులు తమలపాకుల కట్టలాగా పొరలు పొరలుగా ఉంటాయి. పొరలో పట్టు గట్టిది, పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ. అందుచేత రుద్దితే పొర మీద పొర జారుతుంది. ఇలాంటి పొర ఒక్కటే ఉంటే దాన్ని గ్రాఫీను అంటారు. 2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో గైమ్, నొవొసెలొవ్ అనేవారు అంటుకునే టేపుతోనే దీన్ని ఒలిచారు. 2010లో వారికి నోబెలు బహుమతి వచ్చింది.

నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. అంత సన్నని పొడి లోహపు గరుకుల్లో చేరి, పలుచని పొరగా అంటుకొని, ఇనుము ఇనుమును ఒరుసుకోకుండా అడ్డుపడుతుంది. ప్రయోగశాలల్లో సాధారణంగా నూటికి ఒక పాలుకన్న తక్కువే కలిపి, రాపిడీ అరుగుదలా తగ్గినట్లు చూశారు. మోతాదు మించితే మేలు కాస్తా కీడవుతుంది. పైగా ఈ రేణువులు ఒకదాన్నొకటి అంటుకొని గడ్డకట్టి అడుక్కు దిగుతాయి. ఫిల్టరు పూడినా పూడవచ్చు.

"ఇంజను నూనె నల్లబడేదీ కర్బనంతోనేగదా!" అంటారు కొందరు. అది డీజిలు పొగమసి. నూనెను చిక్కబరచి అరుగుదలను పెంచుతుంది.

ఇక మన పెద్దాయన ఆ మందు ఇంజనులో పోయలేదు, వెనుక గేరుపెట్టెలో పోశాడు. ఇప్పటి ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకు పళ్లేలు ఆ నూనెలోనే మునిగి ఉంటాయి. బ్రేకు పట్టడానికి రాపిడే ఆధారం. దాన్ని తగ్గిస్తే ఏం కావాలి? చెరువుకట్ట దిగుతుంటే బ్రేకు జారింది. ట్రాలీలో వడ్ల బస్తాలు, వాటిమీద ఇద్దరు కూలీలు. తుమ్మచెట్టుకు తగిలి ఆగింది కాబట్టి బతికిపోయారు. నూనె దింపించి, కడిగించి, కొత్తది పోయించేసరికి నాలుగు రోజుల కోత పని పోయింది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

కాబట్టి ఇంజనుకు, గేరుపెట్టెకు ట్రాక్టరు పుస్తకంలో రాసిన రకం నూనే పోయండి, చెప్పిన గంటలకు మార్చండి. గ్రాఫైటు గ్రీజు ట్రాలీ కమానుకట్టలకు, మెల్లగా తిరిగే మరలకు మంచిది. వేగంగా తిరిగే బేరింగులకు వద్దు. గ్రీజు కొట్టేముందు నిపులును గుడ్డతో తుడవండి, లేకపోతే గ్రీజుతోపాటు దుమ్మును కూడా లోపలికి ఎక్కించినట్లే.

ఆ సీసాలో సగం మిగిలింది. పెద్దాయన దాన్ని ట్రాలీ వెనుక తలుపు కీళ్లకు రాస్తున్నాడు. అక్కడ దానివల్ల ప్రమాదమేమీ లేదు.