త్రైరాశికము చెల్లని తావు



లెక్కలు వ్రాయువారికి త్రైరాశికము ఇలవేలుపు వంటిది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన నాటినుండి నేటివరకు, పది బస్తాల వెల తెలిసినచో నూరు బస్తాల వెల చెప్పుచునే యున్నాము. ఆ సూత్రము చెల్లని తావొకటి కలదు. దానిని మనవి చేసెదను.

స్కాట్లండులోని పీటర్‌హెడ్ తీరమునకు ఆవల, నడిసముద్రమున, 2017లో హైవిండ్ అను తేలియాడు గాలిమరలు పనిచేయ నారంభించెను. మరలు 5, ఒక్కొక్కదానికి లంగరు గొలుసులు 3. ఇట్టి గొలుసు తన బరువుచే వ్రేలాడుచు, కొంతభాగము సముద్రపుటడుగున పరుండి యుండును. గాలి మరను త్రోసినకొలది పరుండిన భాగము లేచును, వంపు తగ్గును, లాగుడు పెరుగును. ఆ వంపు యొక్క నిజరూపమును 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీలు తేల్చిరి.

వారి సూత్రముతో ఒక లెక్క వేసితిని. లోతు 100 మీటర్లు. మీటరు గొలుసు నీటిలో 100 కిలోలు తూగును. పొడవు 500 మీటర్లు. ఇనుము సాగుటను లెక్కకు తీసికొనలేదు. అడ్డపు లాగుడు 5 టన్నులనుండి 10 టన్నులగుటకు మర 11.8 మీటర్లు జరుగవలెను. 10 టన్నులు 20 అగుటకు 10.4 మీటర్లు చాలును. 20 టన్నులు 40 అగుటకు 8.4, 40 టన్నులు 80 అగుటకు 6.4 మాత్రమే. మొత్తము 37 మీటర్లు. మొదటి మెట్టును పట్టుకొని త్రైరాశికము వేసినచో, 37 మీటర్లకు వచ్చునది సుమారు 21 టన్నులే! అంతకే తగిన గొలుసును కట్టినచో, తుఫాను నాడది తెగును. మీద పనివారున్న నౌకయైనచో వారి ప్రాణములకే ముప్పు.

కావున దీనిని కంప్యూటరులో రూపించువారు బిగువునకు ఒక్క సంఖ్య వ్రాసి యూరకుండరాదు. ఎంత జరిగిన ఎంత లాగునో పట్టికనైన నీయవలెను. లేదా గొలుసును చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్క బరువును, సాగుడును, నీటి యొరపిడిని, నేల ఆనికను క్షణక్షణమును లెక్కింపజేయవలెను. పాలియెస్టరు త్రాళ్లకు మరియొక చిక్కు గలదు: మెల్లగా లాగినపుడొక బిగువు, అలల వడిలో లాగినపుడు అంతకెక్కువ బిగువు.

యంత్రము మనమిచ్చిన సూత్రముతోనే లెక్క వేయును. ఆ సూత్రమెచట చెల్లునో చూచుట మన పని. కథల పుస్తకములతోపాటు గణితపు బీరువాను గూడ తెరువుడని యువకులను కోరుచున్నాను.