జీతంలో ఊరి వాటా



పంట పండితే మన రైతులు ఏం చేస్తారు? కల్లం దగ్గరికి వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపరు. దోసెడు గింజలైనా పోస్తారు. మరి నెల జీతం తీసుకునేవాళ్ల సంగతి ఏమిటి? జీతంలో ఊరికి వాటా ఉందా?

ఒక కథ వినండి. ఇది జరిగిన కథ.

ఇప్పుడు కంపెనీలు చాలా ఉన్నాయి. రెండు వందల ఏళ్ల కిందట మన జనానికి తెలిసింది ఈస్టిండియా కంపెనీ. మన పెద్దలు దాన్ని కుంపిణీ అనేవాళ్లు. అది వ్యాపారానికి వచ్చి రాజ్యం ఏలింది. 1800లో నిజాం మన సీమ జిల్లాలను కుంపిణీకి ఇచ్చేశాడు. రైతులు కుంపిణీకే శిస్తు కట్టారు. ఆ శిస్తులోంచే దొరలకు జీతాలు.

1820లో బ్రౌన్ అనే దొర కడపకు ఉద్యోగానికి వచ్చాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఇక్కడి జనం మాట తెలియాలని తెలుగు నేర్చుకున్నాడు. అప్పుడు ఒక సంగతి చూశాడు. తెలుగు పద్యాలు తాటాకుల మీద ఉన్నాయి. ఆ తాటాకులను చెదలు తింటున్నాయి.

ఆయన కడపలో ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులను కూర్చోబెట్టాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు తాటాకులు సరిచూసి, తప్పులు దిద్ది, కాగితం మీద రాశారు. వాళ్లకు బ్రౌన్ తన జీతంలోంచే డబ్బు ఇచ్చాడు. చాలకపోతే అప్పు చేశాడు. పేద పిల్లలకు ఉచిత బడులు కూడా పెట్టాడు.

మనందరి నోటా ఉండే వేమన పద్యాలను ఆయన 1829లో అచ్చు వేయించాడు. 1852లో పెద్ద తెలుగు నిఘంటువు వచ్చింది. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

బ్రౌన్ మనకు దానం చేశాడా? కాదు. మన రైతు కట్టిన శిస్తులో కొంత తిరిగి ఇచ్చాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు ఉంటారు. ఆయన ఆ వాసాలు నిలబెట్టాడు.

మన ఒంటిమిట్టనే చూడండి. వావిలికొలను సుబ్బారావు గారు మొదట రెవెన్యూలో పనిచేశారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులు. ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చారు. అప్పుడు కోదండరాముని గుడి పాడుబడి ఉంది. ఆయన టెంకాయ చిప్ప చేతపట్టి బిచ్చమెత్తారు. కాసూ కాసూ కూడబెట్టి గుడి బాగు చేయించారు. 1936లో కన్నుమూశారు. బ్రౌన్ జీతం ఇచ్చాడు. ఈయన తననే ఇచ్చుకున్నారు.

ఇప్పుడు కంపెనీలకు చట్టం ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో నూటికి 2 రూపాయలు జనం మేలుకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ఊళ్లను ముందు చూడాలి. ఇది తెలుసుకోండి. బడి గదికో, మంచినీళ్లకో ఊరంతా కలిసి అర్జీ పెట్టవచ్చు.

ఉద్యోగులకు అలాంటి చట్టం లేదు. వాళ్లకు మనసే చట్టం. రేపు మీ బిడ్డ ఉద్యోగానికి పోతుంది. ఈ మాట ఆ బిడ్డకు ఇప్పుడే చెప్పండి.

మరి మీ సంగతి? “మాకు జీతం లేదు కదా” అంటారా? మీరు నేర్చిన అక్షరం కూడా సంపాదనే. మీకు చదువు చెప్పినవాళ్లు జీతం అడగలేదు. ఈ పుస్తకం చదవలేని అక్క మీ వీధిలో ఇంకా ఉంది. ఈ రాత్రి ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు ఆమె పేరు రాయించండి.